ఎదగకూడదని మొక్కుకున్న ఏళ్ళు

ఇప్పుడు నాకు నొప్పి లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మీరు అయ్యో పాపం అనడం మానేసి వింటారని చెబుతున్నాను. కుడి భుజం కాస్త ఎత్తు, కుడి రెక్క ఎముక రవికెలోంచి పొడుచుకొస్తుంది, మెట్లెక్కితే ఆయాసం, కింద పడ్డ సూది తీయాలంటే ఎవరినో పిలవాలి. వీటితో బతకచ్చు, బతుకుతున్నాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి రాయలేదు. తనకి ఇష్టం ఉండేది కాదు. అమ్మ పోయి ఏడాది దాటింది. కొంత నా మనసు కుదుటపడడానికి, కొంత మీ ఇళ్ళలో ఎదిగే ఆడపిల్లలున్నారు గనక, ఇప్పుడు రాస్తున్నాను.

మాది ఐనవిల్లికి దగ్గరలో కాలవ గట్టు మీద ఊరు. నాన్నకి చిన్న పడవ ఉండేది. తోటల్లో దింపిన కొబ్బరికాయలు నింపుకుని ముక్తేశ్వరం చేర్చేవాడు. ఇంట్లో అమ్మ, నాన్న, నాకన్నా పెద్దవాడు అన్నయ్య, మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండిపోయిన మేనత్త, నేను. నా పేరు రత్నం. ఊళ్ళో ఆ పేరు ఎవరికీ అక్కర్లేదు. ఎదురుకాళ్ళ పిల్ల అనేవారు. అమ్మ కడుపులోంచి తల కాకుండా కాళ్ళు ముందు పెట్టి వచ్చానట. అలా పుట్టినవాళ్ళ కాలికి మహిమ ఉందని మా వైపు నమ్మకం. నడుం పట్టేసినవాళ్ళు ఆదివారం పరగడుపున వచ్చి బోర్లా పడుకుంటే, నేను ఎడమ కాలితో వాళ్ళ వెన్ను మీద మూడుసార్లు తొక్కాలి. పట్టు వదిలిపోతుంది. పెద్దవాళ్ళని కాలితో తాకడం పాపం గనక, తొక్కడం అయ్యాక వంగి వాళ్ళ పాదాలకి దండం పెట్టడం కూడా అందులో భాగమే.

నాకు ఊహ తెలిసేసరికే ఆదివారాలు మా అరుగు నిండిపోయేది. మోతుబరులూ వచ్చేవారు, కలుపు తీసే ఆడవాళ్ళూ వచ్చేవారు.

"ఏమ్మా ఎదురుకాళ్ళ తల్లీ, ఓసారి కాలెట్టమ్మా, చచ్చిపోతున్నాను," అనేవారు.

"ఆయ్, పడుకోండి బాబయ్యా," అనేదాన్ని పెద్ద వైద్యురాలిలా.

నిజంగా తగ్గేదో లేదో నాకు తెలియదు. అరటిపళ్ళు మాత్రం వచ్చేవి. ఒకటి మాత్రం నిజం, నా అరికాలికి వెన్నులు తెలిసిపోయాయి. తిన్నగా గీత గీసినట్టుండే వెన్ను ఒక్కటీ తగల్లేదు. ప్రతిదీ ఎంతో కొంత ఓ పక్కకి తిరిగే ఉండేది. చిన్నవాళ్ళది ఒక తీరు, ముసలివాళ్ళది ఒక తీరు, మగవాళ్ళది ఒకలాగ, ఆడవాళ్ళది ఇంకోలాగ. ఆ మాట అమ్మతో చెబితే, "ఊరుకో, జనం నడుముల గురించి నీకెందుకే," అని కసిరింది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు నేను ఒక్కసారిగా పొడుగు సాగాను. వేసవిలో కుట్టించిన పరికిణీ దసరాకి చీలమండలు దాటి పైకి పోయింది. అమ్మ సంతోషించాల్సింది పోయి తిట్లు మొదలుపెట్టింది. పొద్దున్న లేస్తే అదే పాట. "తిన్నగా నిలబడవే. ఓ పక్కకి ఒరిగిపోతావేంటి? భుజాలు సమంగా పెట్టు." నీళ్ళబిందె ఎడమ చంకన పెట్టుకుంటే కుడి చంకకి మార్చమనేది. అన్నం తినే ముందు నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, రెండు భుజాలూ అరచేతులతో నొక్కి పట్టుకునేది. చేతులు తీసెయ్యగానే నా ఒళ్ళు మళ్ళీ దాని దారిన అది తిరిగిపోయేది. అన్నయ్య కూడా ఆ ఏడే నాకన్నా ఎక్కువ పొడుగు సాగాడు, వాణ్ణి ఒక్క మాట అనలేదు. అమ్మకి కొడుకు మీదే ప్రేమ అనుకుని మనసులో ఎన్ని శాపనార్థాలు పెట్టానో.

ఓణీ వేసుకోవడం మొదలుపెట్టాక వీపు ఎవరికీ కనబడలేదు. మా ఆడపిల్లల బట్టలకి ఆ గుణం ఉంది, పైట అన్నిటినీ కప్పేస్తుంది. దీపావళినాడు మేనత్త తలంటు పోస్తూ నా వీపు మీద నూనె రాసి చెయ్యి ఆపేసింది.

"అమ్మ బాబోయ్! వదినా, ఇలా రా. దీని వీపు చూసేవా? కుడి రెక్క గూనిలా లేచిపోయింది. వెన్ను మెలి తిరిగిపోయిందే!"

అమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. దగ్గరికి రాలేదు. నా వీపు వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఇదేం తల్లి అనుకున్నాను.

ఆ తర్వాత సంగతి మీరు ఊహించగలరు. మేనత్త నోట్లో నువ్వుగింజ నానదు. సంక్రాంతి రాకముందే ఊరంతా పాకింది. "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందిట," అని నీళ్ళ రేవులో నవ్వుకున్నారు. కొందరు జాలిగానే అన్నారు, అందరి నడుం నొప్పులూ తొక్కి తొక్కి తన మీదికే తెచ్చుకుంది పిల్ల అని. ఆ మాట నేను నమ్మాను. ఆదివారాలు అరుగు ఖాళీ అయిపోయింది. నాకు పదమూడో ఏడు, ఉన్న ఒక్క గొప్పా పోయింది. దూలానికి కట్టిన ఉట్టి కింద కూచుని వెక్కి వెక్కి ఏడ్చాను.

వేసవిలో మేనత్తే ఉపాయం చెప్పింది. దాని కాలు దానికి పనికిరాదు గాని, ఇంకో ఎదురుకాళ్ళ మనిషి చేత తొక్కిస్తే పోతుందంది. మామిడికుదురు వైపు ఒకావిడ ఉందని కనుక్కుని నాన్న పడవ మీద తీసుకొచ్చాడు. భారీ మనిషి, చల్లటి మాట. "భయపడకమ్మా, నువ్వూ నేనూ ఒకటే జాతి," అని నవ్వించింది. నేను అరుగు మీద బోర్లా పడుకున్నాను. ఇన్నాళ్ళూ జనం ఇలా పడుకుని నా కాలి కోసం ఎదురుచూశారు గదా అనుకున్నాను.

మూడుసార్లు తొక్కింది. కదల్లేదు. "పాతుకుపోయిందమ్మా, ఇంకాస్త బరువు వెయ్యి," అంది మేనత్త. అమ్మ "వద్దు" అంది. గట్టిగా అనలేదు. ఆవిడ రెండో కాలు కూడా ఎత్తి నా మీద నిలబడింది. నా పక్కటెముకల్లో ఎక్కడో టప్పుమంది. ఊపిరి వెళ్ళింది, తిరిగి రాదేమో అనుకున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. ఆ తర్వాత చాలా రోజులు లేచి కూచోలేకపోయాను. పాపం ఆవిడ ఏడుస్తూ నా కాళ్ళ దగ్గర కూలబడి, "నాకేం తెలుసు తల్లీ," అని దండం పెట్టింది. ఆవిణ్ణి నేను ఏమీ అనలేదు. అమ్మనే అన్నాను, "నువ్వు గట్టిగా చెప్పలేకపోయావా?" అని. అమ్మ నా నోట్లో జావ పోస్తూ తల దించుకుంది.

వానలు వెనకబట్టాక అమ్మ, నాన్న, అన్నయ్యతో కాకినాడ ఆసుపత్రికి ప్రయాణం. నాన్న పడవలో గడ్డి మెత్తగా పరిచి పడుకోబెట్టాడు. ముక్తేశ్వరంలో గోదారి దాటి, కోటిపల్లిలో బస్సెక్కాం. బస్సులో ప్రతి గుంటా నా వెన్నులో దిగింది. ఆసుపత్రి వసారాలో ఎంతమంది జనమో! కూచునే బల్లల మీద చోటు లేదు. చేపలమ్మే ఆవిడొకతె, కాలికి కట్టుతో కూచుంది, నన్ను చూసి లేచి నిలబడిపోయింది.

"పిల్లని పడుకోబెట్టండమ్మా. నాకు ఒంటికాలి మీద నిలబడ్డం అలవాటైపోయింది," అంది.

అమ్మ వద్దన్నా వినలేదు. మధ్యాహ్నం దాకా ఒంటికాలి మీద గోడకి ఆనుకుని, మాతో కబుర్లు చెబుతూ నిలబడింది. ఆవిడ పేరు అడగలేదు. ఇప్పటికీ అదొక బాధ.

డాక్టరుగారు పెద్దాయన. నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టి, ముందుకి వంగమన్నారు. చేత్తో వెన్ను పొడుగునా రాసి చూశారు. తర్వాత అన్నయ్యని చొక్కా విప్పి నిలబడమన్నారు, నాన్ననీ నిలబడమన్నారు. అందరి వీపులూ చూశాక, "తల్లిగారూ, మీరు కూడా ఒక్కసారి అటు తిరిగి నిలబడండి. నర్సమ్మ చూస్తుంది, నేను బయటికి వెళతాను," అన్నారు.

అమ్మ పైట భుజాల చుట్టూ లాక్కుని, "నాకేం లేదండీ. నేను బాగానే ఉన్నానండీ," అని గోడకి వీపు ఆనించేసింది. ఎంత చెప్పినా కదల్లేదు. నాన్న సిగ్గుతో చచ్చిపోయాడు.

డాక్టరుగారు నాన్నకి చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు. "నిలబడ్డ మనిషి వెన్ను ఎవరిదీ పూర్తిగా తిన్నగా ఉండదండీ. ఒక రవ్వ ఓ పక్కకి తిరిగే ఉంటుంది. పసితనంలో ఒక తీరు, ఎదిగే ఈడులో ఒక తీరు, ముసలితనంలో ఒక తీరు. మీ అబ్బాయిదీ తిరిగే ఉంది, మీదీ ఉంది. ఆ మాత్రానికి ఏమీ కాదు. కొందరు ఆడపిల్లల్లో మాత్రం ఎత్తు సాగే ఏళ్ళల్లో అది ఆగకుండా ముదిరిపోతుంది. ఎందుకని అడక్కండి, నాకూ తెలియదు."

"ఎవరి నడుములూ తొక్కడం వల్ల కాదాండీ?" అని అడిగేశాను.

ఆయన నవ్వలేదు. "కాదమ్మా. నీ తప్పు కాదు, నిలబడ్డంలో తప్పూ కాదు," అన్నారు. ఏడాది నుంచి ఆ మాట కోసమే ఉన్నానేమో, భోరుమన్నాను.

అమ్మ ఒక్క ప్రశ్న అడిగింది. "ఎప్పటికి ఆగుతుందండీ?"

"పిల్ల ఎదగడం ఆగితే చాలావరకు ఆగుతుంది. ఈలోగా మరీ ముదిరితే ఊపిరితిత్తుల మీద పడుతుంది. అదే నా భయం," అన్నారాయన.

గడ్డం కింద పట్టీ వేసి, కాలి వేళ్ళు నేలకి తగిలీ తగలకుండా పైకి లాగి, మెడ నుంచి తుంటి దాకా పిండికట్టు వేశారు. తడిగా ఉన్నప్పుడు వెచ్చగా, ఆరాక రాయి. అందులో ఉన్న ఏళ్ళ గురించి ఎక్కువ చెప్పను. దురద పెడితే గోక్కోలేకపోవడం అంత నరకం ఇంకోటి లేదు. మేనత్త కొబ్బరి ఈనె సన్నగా చెక్కి ఇచ్చింది, పైనుంచి లోపలికి పోనిచ్చి గోక్కోవడానికి. ఆవిడ చేసిన పాపానికి అదే ప్రాయశ్చిత్తం అనుకుంటాను.

ఇంటికొచ్చిన మర్నాడు అమ్మ నన్ను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల మీద ఈనె పెట్టి, ద్వారబంధం మీద బొగ్గుతో గీత గీసింది. ప్రతి పున్నానికీ కొలిచేది. ఎవరి పిల్లలు ఎదిగితే ఆ తల్లులు మురిసిపోతారు. మా అమ్మ గీత పైకి పోతే ఆ పూట అన్నం ముట్టేది కాదు. ఐనవిల్లి తీసుకెళ్ళి నన్ను గర్భగుడి ముందు నిలబెట్టింది.

"ఏం కోరికమ్మా?" అన్నారు పూజారిగారు, సంకల్పం చెప్పడానికి.

"పిల్ల ఇంక ఎదక్కూడదండీ," అంది అమ్మ.

ఆయన అమ్మ వంక, నా పిండికట్టు వంక చూసి, "క్షేమ స్థైర్య ఆయురారోగ్యాలు అని చెబుతానమ్మా, స్వామికి అర్థమవుతుంది," అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మరుసటి శ్రావణం నుంచి నా కంచంలో పెరుగు ఆగిపోయింది. తర్వాత పాలు, పప్పు, చేప ఒకటొకటే పోయాయి. గంజన్నం, ఊరగాయ, నీళ్ళ మజ్జిగ మిగిలాయి. ఇంట్లో చేపల పులుసు వాసన వస్తుంటే నేను రాతి చొక్కాలో కూచుని గంజి తాగేదాన్ని.

"ఇదేం తిండి వదినా, ఎదిగే పిల్లకి?" అని మేనత్త అడిగింది.

"పథ్యం. డాట్రుగారు చెప్పేరు," అంది అమ్మ.

మా ఇళ్ళల్లో పథ్యం అన్న మాటకి ఎదురులేదు. మందుకి పథ్యం ఉంటుంది గాని పిండికట్టుకి పథ్యం ఏమిటని ఎవరికీ తోచలేదు. అమ్మ కూడా నాతోపాటు ఆ గంజే తాగేది. నేను ఆకలని ఏడిస్తే, "ఓర్చుకో తల్లీ, ఇంకొన్నాళ్ళు," అని పక్కన కూచుని తనూ ఏడ్చేది. నాన్న ఒకరోజు కంచం విసిరికొట్టాడు, అది చూస్తూ తనకి ముద్ద దిగడం లేదని. ఆ పైన ఇద్దరికీ మాటల్లేవు.

శీతాకాలానికి నేను చిక్కి, పిండికట్టు లోపల వదులై ఒరుసుకుని తుంటి మీద పుండు పడింది. జ్వరం. మాటలు తడబడ్డాయి. మళ్ళీ పడవ, మళ్ళీ కోటిపల్లి. కట్టు కోసి చూసిన డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని, "ఈ పిల్ల ఏం తింటోంది?" అన్నారు.

"మీరు చెప్పిన పథ్యమేనండీ," అన్నాడు నాన్న.

"నేనేం చెప్పాను?"

నాన్న అమ్మ వంక తిరిగాడు. అప్పుడు అమ్మ నోరు విప్పింది. "ఎదగడం ఆగితే ఆగుతుందన్నారు కదండీ. బలం పెడితే ఎదుగుతుంది. అందుకని మానిపించేనండీ. చెయ్యి రాలేదండీ, అయినా మానిపించేను."

ఆయన కేకలేస్తారనుకున్నాను. కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూచున్నారు. "తప్పు నాదమ్మా. సగం మాట చెప్పి పంపేను. తిండి మానితే ఎదుగుదల ఆగదు, ఎముకలో సత్తువ పోతుంది. సత్తువ లేని ఎముక ఇంకా తొందరగా వంగిపోతుంది. ఇవాళ్టి నుంచి దీనికి పాలు, గుడ్లు, చేప, ఏది దొరికితే అది పెట్టండి," అన్నారు.

అమ్మ బయటికొచ్చి వసారాలో నేల మీద చతికిలబడి, తల గోడకేసి కొట్టుకుంది. అక్కడి ఆయా ఒకావిడ పరిగెత్తుకొచ్చి, తన అరచెయ్యి అమ్మ తలకీ గోడకీ మధ్య పెట్టింది. అమ్మ కొట్టుకోవడం ఆపేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. తలుపు సందులోంచి నేను చూశాను. ఆ క్షణంలో అమ్మ మీద నా కోపం సగం పోయింది. మిగతా సగం చాలా ఏళ్ళు ఉండిపోయింది, అబద్ధమెందుకు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు గుమ్మం మీద గీత కదలడం మానేసింది. ఒక పున్నం, ఇంకో పున్నం, బొగ్గు గీత మీదే బొగ్గు గీత పడింది. అమ్మ వీధిలోకి పరిగెత్తి, "మా రత్నం ఎదగడం ఆగిపోయిందండీ!" అని చెప్పుకుంటే జనం పిచ్చెక్కిందనుకున్నారు. కట్టు విప్పేశారు. అద్దంలో చూసుకున్నాను. తిన్నగా అయిపోతానని ఎవరూ అనలేదు గాని, నేను అనుకున్నాను. అవలేదు. ఎంత వరకు తిరిగిందో అక్కడ ఆగింది, అంతే. ఊపిరి దక్కింది. పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అరుగు మీద చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పడం మొదలుపెట్టాను. ఎవరినీ కాలితో తొక్కలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అమ్మ పోయే ముందు ఏడు వేసవిలో, ధాన్యం బస్తా జరపబోయి నడుం పట్టేసుకుంది. కదిలితే కేక. మేనత్త వేరే ఎదురుకాళ్ళ మనిషి కోసం కబురంపుతానంది.

"నా కూతురుండగా ఎవరి కాలో ఎందుకు?" అంది అమ్మ. "రత్నాన్ని పిలు."

"అమ్మా, అదంతా ఉత్తిదే. నీకూ తెలుసు," అన్నాను.

"తెలుసులే. అయినా పెట్టు."

చాప మీద బోర్లా పడుకుంది. ఒంటికాలి మీద నిలబడడం నావల్ల కాదు గనక కుర్చీ వేసుకుని పక్కన కూచున్నాను. రవిక వదులు చేసుకుని ఉంది, పైట జారిపోయింది. ఎడమ కాలు అమ్మ వెన్ను మీద ఆనించి మెల్లగా పైకి జరిపాను. అరికాలు ఆగిపోయింది. ఇన్ని వెన్నులు తెలిసిన అరికాలు అది. అమ్మ వెన్ను నాలాగే కుడివైపుకి మెలి తిరిగి ఉంది. నా అంత కాదు. కాని ముసలితనం వల్ల వచ్చింది కాదు, అది పాతది.

"అమ్మా, నీ వెన్ను..."

"ఊఁ."

"ఎప్పట్నించి?"

"నీకు వచ్చిన ఈడప్పట్నించీ. మా అమ్మ నన్ను రోజూ గోడకి ఆనించి నిలబెట్టేది. నాది అక్కడితో ఆగిపోయింది. నీదీ ఆగిపోతుందనుకున్నాను."

"మరి డాక్టరుగారు తిరిగి నిలబడమంటే ఎందుకు నిలబళ్ళేదు?"

చాపలోకి ముఖం పెట్టుకుని చెప్పింది. "నా కడుపులోంచే నీకొచ్చిందని అందరి ముందూ తేలిపోదా? నీకు తెలిస్తే నన్ను ఏవగించుకుంటావని భయమేసింది. నా చేతి ముద్ద తినవేమోనని."

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఊరి నొప్పులు మోశానని నేననుకుంటుంటే, ఈవిడ పైట కింద దాచుకుని కూచుంది. చెప్పి ఉంటే నా వెన్ను తిన్నగా అయ్యేదా? అయ్యేది కాదు. అది తెలుసు. కాని నేను ఒంటరిదాన్ని అయ్యేదాన్ని కాదు. తనూ అయ్యేది కాదు. ఆ మాట అనబోయాను. కాలి కింద అమ్మ వీపు ఏడుపుకి కదులుతోంది. అనలేకపోయాను.

అందుకే మీకు చెబుతున్నాను. మీ పిల్ల ఓ పక్కకి ఒరిగి నిలబడితే తిట్టకండి. తలంటు పోసేటప్పుడు వీపు చూడండి. చూసింది దాచకండి. మీ వీపు కూడా అలాగే ఉంటే, ముందు అది దానికి చూపించండి.

మూడుసార్లు తొక్కాను, పువ్వు మీద పెట్టినట్టు. తర్వాత దండం పెట్టాలి. చిన్నప్పుడైతే చటుక్కున వంగేదాన్ని. ఇప్పుడు నేను నేల దాకా వంగలేనని అమ్మకి తెలుసు. పడుకున్నది పడుకున్నట్టే, పళ్ళబిగువున నొప్పి ఓర్చుకుని, మోకాలు మడిచి పాదం పైకెత్తి నా చేతికి అందించింది.